పాలడబ్బా మీద చిరునామా

సూర్యాపేట చుట్టుపక్కల ఎవరింటికి వెళ్లినా కాళ్లు కడుక్కోకముందే తిన్నావా అని అడుగుతారు. ప్రశాంతిని మాత్రం ఎవరూ అడగరు. ఆమె ఆహార భద్రతాధికారి, జనం నోట్లో ఫుడ్ ఇన్‌స్పెక్టరమ్మ. అడిగితే ఏం పెడతారంటుందేమో, పెడితే అందులో ఏం కలిపారంటుందేమో అని వాళ్ల భయం. పెళ్లిళ్లలో ఆమె బంతిలో కూర్చుంటే వంటవాళ్లు నూనె డబ్బాల మీద గోనెసంచులు కప్పేవారు. కొన్నాళ్లకు పెళ్లివాళ్లు కార్డు మాత్రం అటెండరు చేతికిచ్చి పంపేవారు. ఇప్పుడు ఆ కార్డు కూడా రావడం లేదు.

ఆమెది చివ్వెంల దగ్గర ఊరు. గొర్లూ బర్లూ ఉన్న ఇల్లు. పదేళ్ల కిందట తమ్ముడి బామ్మర్ది మిఠాయి కొట్టులో పాలకోవా శాంపిల్ తీసింది. కోవాలో పిండి కలిసిందని ల్యాబు చెప్పింది. మరదలు ఆ సంగతి ఎక్కడా ఎత్తలేదు, ఏ మాటా అనలేదు. పండక్కి రమ్మని ఫోన్ చేయడం మానేసింది, అంతే. సంబంధాలు రెండు కుదిరినట్టే కుదిరి తప్పిపోయాయి, మూడోదాని కోసం ఎవరూ తిరగలేదు. నలభై ఆరేళ్లు వచ్చాయి. కుడకుడ రోడ్డులో కిరాయి గది, ఒక గ్యాస్ పొయ్యి, ఒక టిఫిన్ డబ్బా. ప్రశాంతికి నవ్వడం రాదని ఆఫీసులో అనుకుంటారు. రాకేం, బాగానే వస్తుంది. నవ్వడానికి ఎదురుగా మనిషి ఉండాలి కదా!

మంగళవారం వస్తే మాత్రం ఉండేది. మంగళవారం కోదాడ.

కోదాడ బస్టాండు పక్క వరసలో ప్రమీలకు ఒక కొట్టుంది. కేకులు చేసుకునేవాళ్లకు కావలసిన సామాను, చాక్లెట్లు, వెన్న, చీజు, విదేశీ పాలపొడి. బోర్డు మీద 'ఫారిన్ సరుకు' అని పెద్దక్షరాలు. ప్రమీల పుట్టింది జగ్గయ్యపేట వైపు. భర్త మేళ్లచెరువు సిమెంటు లారీ మీద డ్రైవరు, వారానికోసారి ఇంటికొస్తాడు. మూడేళ్ల కిందట ప్రశాంతి తనిఖీకి వెళ్లినప్పుడు అక్కడున్న చీజు ప్యాకెట్ల మీద దాన్ని దేశంలోకి తెప్పించినవాడి పేరు లేదు, ఊరు లేదు. ఇలాంటప్పుడు కొట్టువాళ్లు ఏడుస్తారు, లేదంటే ఎవరికో ఫోన్ కలిపి చేతికిస్తారు, ఏదీ కాకపోతే టీ తెప్పిస్తారు. ప్రమీల ఈ మూడూ చేయలేదు. నోటుబుక్కు తీసింది.

"ఏమేం ఉండాలో చెప్పండి మేడం, రాసుకుంటా. నాకింతవరకూ ఎవరూ చెప్పలా."

ఇరవై రెండేళ్ల సర్వీసులో అలా అడిగిన మనిషి లేదు. ప్రశాంతి సంబరపడిపోయి, పాత క్యాలెండరు కాగితం వెనక తనే వరసగా రాసిచ్చింది. తెప్పించినవారి పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, ఆకుపచ్చ చుక్క, ఏం కలిపారో, ఎప్పుడు తయారైందో, ఎప్పటిదాకా వాడొచ్చో. విదేశీ పాల సరుకు ఏదైనా సరే, ఇవన్నీ ఉండాల్సిందే. ప్రమీల ఆ కాగితాన్ని గల్లాపెట్టె వెనక గోడకు అంటించి, ఆ రోజు నుంచీ ప్రతి ప్యాకెట్టూ దానితో సరిచూసుకుంది. పేరు లేని సరుకు రెండుసార్లు తిప్పి పంపింది కూడా. తర్వాత ఆ కొట్టులో తప్పు దొరకలేదు. తప్పు లేని చోట ఇన్‌స్పెక్టరుకు పనేమీ లేదు. అయినా ప్రతి మంగళవారం పోయేది.

ఏ కొట్టులోనూ మంచినీళ్లు కూడా ముట్టకూడదన్నది ఆమె పట్టుదల. ఒకసారి వాన దంచి బస్సులు ఆగిపోయిన సాయంత్రం ప్రమీల చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి లాక్కుపోయింది. కంచంలో వేడన్నం, పప్పుచారు, ఆవకాయ పెట్టింది. కొట్టు గడప దాటి వెనక్కి వెళ్తే అది ఇల్లవుతుంది గానీ కొట్టు కాదని ప్రశాంతి తనకోసం ఒక రూలు రాసుకుంది. అది ఏ చట్టంలోనూ లేదు. తర్వాత నుంచి మేడం పోయి అక్క అయింది. వారంలో మిగతా ఆరు రోజులూ దేనికోసం గడుపుతోందో ప్రశాంతికి తెలుసు, సిగ్గుపడకుండా ఒప్పుకునేది కూడా, మనసులో.

దసరా వెళ్లిన వారానికి మిర్యాలగూడ నుంచి ఫోనొచ్చింది. అక్కడి అధికారి లింగస్వామి ఆమెకు పాత స్నేహితుడేమీ కాదు. కలిసి ట్రైనింగు తీసుకున్నారు, అంతవరకే.

"మేడం, జర వినుర్రి. ఈడ గీత అనే పిల్ల తన ఏడు నెలల బిడ్డకు ఫారిన్ పాలపొడి పట్టింది. వాంతులు, విరేచనాలు. మూడొద్దులు దవాఖానల పెట్టిన్రు. బిడ్డ ఇప్పుడు మంచిగనే ఉన్నది. పాలతోనే అయిందా, నీళ్లతో అయిందా డాక్టరు చెప్పలేనన్నడు. కని డబ్బా కింద స్టిక్కరున్నది. తెప్పించినోళ్ల పేరు చదువుత, వినుర్రి."

అతను చదివాడు. ప్రమీల పేరు, కోదాడ బస్టాండు పక్కన, ఆపైన ఫోన్ నంబరు.

"దొంగ స్టిక్కరు ఏసినోళ్లు మస్తుమందిని చూసిన. దాని మీద సొంత నంబరు ఏసుకున్నోళ్లను గిప్పుడే చూస్తున్న," అని లింగస్వామి నవ్వాడు. ప్రశాంతి నవ్వకపోయేసరికి గొంతు తగ్గించాడు. "మీకు తెల్సినోళ్లా మేడం? అయితే ఒక్క ఫోన్ కొట్టుర్రి, సరుకు తీసేస్తది. నేనీడ చిరునామా దొరకలేదని రాస్త. ఎవరు అడుగుతరు?"

"నేను పోయి చూసి చెప్త," అంది ప్రశాంతి.

ఫోన్ చేతిలోనే ఉంది. ఒక్క మాట చెప్తే చాలు, ప్రమీల అడ్డు ప్రశ్న వేయకుండా డబ్బాలన్నీ తీసేస్తుంది. కానీ ఆ మాట చెప్పాక ఆ వెనక గదిలో తినే ప్రతి ముద్దా లంచమవుతుంది. పైగా ఇంకెన్ని డబ్బాలు ఎంతమంది పిల్లల ఇళ్లకు చేరాయో ఎవరికి తెలుసు? ప్రశాంతి సంచీలో ఫారాలు, దారం, లక్క, కొవ్వొత్తి సర్దుకుంది. అవి సర్దుతుంటే ఏడుపొచ్చింది. ఆఫీసులో అటెండరుకు కనబడకుండా కళ్లు తుడుచుకుని కోదాడ బస్సెక్కింది.

ఆ రోజు మంగళవారమే కావడంతో ప్రమీల ఎదురుచూస్తోంది.

"రా అక్కా, బస్సు లేటయిందా? ముందు ఇది చూడు," అంటూ అల్మారా తెరిచింది. వరసగా పాలపొడి డబ్బాలు. వాటి మీద ఏదో దేశపు అక్షరాలు, మనవాళ్లెవరూ చదవలేనివి. ప్రమీల ఒక డబ్బా తిరగేసి అడుగు చూపించింది. "హైదరాబాదు డీలరు పంపాడు. మంచి కంపెనీ అంట. కానీ నువ్వు చెప్పినవేమీ దీని మీద లేవు. తిప్పి పంపుదామంటే తీసుకోనన్నాడు. అందుకని నేనే డీటీపీ షాపులో కొట్టించి అంటించా. చూడు, తెప్పించినవారు, నేనే కదా తెప్పించింది? నా పేరు, నా కొట్టు, నా లైసెన్సు నంబరు. పచ్చ చుక్క కూడా వేయించా. గోడమీద కాగితం దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటీ టిక్కు పెట్టా అక్కా!"

పరీక్ష పేపరు దిద్దించుకునే పిల్లలా నిలబడి చూస్తోంది. ప్రశాంతికి ఆ ముఖం వంక చూడ్డం చేతకాలేదు. తెప్పించినవారంటే విదేశం నుంచి ఓడలో దింపి, పరీక్ష చేయించి, అనుమతి తెచ్చుకున్నవాళ్లు. హైదరాబాదు నుంచి పార్సిల్లో తెప్పించుకున్న ప్రమీల కాదు. ఆ వివరాలు దేశంలోకి దిగేటప్పుడే డబ్బా మీద ఉండాలి గానీ తర్వాత కొట్టువాళ్లు అంటించకూడదు. ఈ సంగతి ఆ కాగితంలో లేదు. ఎందుకు రాయలేదు? మనిషన్నవాళ్లెవరైనా ఇలా చేస్తారని అనుకోలేదు కాబట్టి.

"ఈ గడువు తేదీ ఎవరు చెప్పిన్రు?"

"డీలరు ఫోన్లో చెప్పాడు. వచ్చే మార్చి దాకా ఉందంట."

ప్రశాంతి గోటితో స్టిక్కరు అంచు లేపి మెల్లగా ఒలిచింది. కింద రేకు మీద నల్లగా అచ్చు. 250311.

"అది బ్యాచ్ నంబరక్కా. డీలరే చెప్పాడు. డబ్బా మీద ఖాళీ అక్కడే ఉంటే అంటించా."

"బ్యాచ్ నంబరు, తయారైన తేదీ పైన వేరే ఉన్నయి, సూడు. గడువు రాసేటప్పుడు వాళ్లు మొదట సంవత్సరం ఏస్తరు ప్రమీలా, ఇరవై అయిదు. తర్వాత నెల, తర్వాత తేదీ. మార్చి పదకొండుకే దీని గడువు అయిపోయింది. ఏడు నెలలైంది."

ప్రమీల ఆ అంకెలను రెండుసార్లు చదువుకుంది. పెదాలు కదిలాయి.

"పిల్లలు తాగేదక్కా ఇది," అంది చివరకు.

"మిర్యాలగూడల ఒక బిడ్డకు పానం బాగలేకుండ అయింది. ఇప్పుడు మంచిగనే ఉన్నది."

ప్రమీల అలాగే స్టూలు మీద కూలబడింది. ఆ బిడ్డ తల్లి గీతకు పెద్దమ్మ ఇక్కడే ఉంటుందనీ, మిర్యాలగూడకు రెండు డబ్బాలు ఆవిడే పట్టుకుపోయిందనీ, ఇంకో మూడు ఫలానా వాళ్లు కొన్నారనీ ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుని చెప్పింది. అడగకముందే అందరి ఫోన్ నంబర్లూ ఇచ్చింది. తర్వాత ప్రశాంతి సంచీలోంచి దారం ఉండ తీయడం చూసింది.

"శాంపిలా?"

"తీయాలె."

"నా దగ్గరా?"

ప్రశాంతి తల ఊపింది. ప్రమీల గోడ మీది కాగితం సంగతి గానీ, వెనక గదిలోని మూడేళ్ల మంగళవారాల సంగతి గానీ ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేదని ప్రశాంతికి అనిపించింది.

శాంపిల్ తీసేటప్పుడు సాక్షి ఉండాలి. సాక్షి కోసం బయటకు వెళ్లింది. పక్క సెల్‌ఫోన్ల కొట్టువాడు షట్టరు సగానికి దించి, మా బావ పిలుస్తున్నాడన్నాడు. పండ్ల బండివాడు నాకు చదువు రాదన్నాడు, నిన్నటి పేపరు చేతిలో పట్టుకునే. మూడో కొట్టులో ఎవరూ లేరు, తిరుగుతున్న ఫ్యాను మాత్రం ఉంది. ఎండలో చెమటలు కక్కుతూ ప్రశాంతి తిరిగొచ్చింది. ఇది కొత్తేమీ కాదు, ఇరవై రెండేళ్లుగా ప్రతి బజారులో ఇంతే. ఏ రోజూ ఇంత ఒంటరిగా అనిపించలేదు.

గల్లాపెట్టె వెనక గోడ ఖాళీగా ఉంది. కాగితం ఉన్న మేర సున్నం తెల్లగా కనిపిస్తోంది. ప్రమీల చేతులు దులుపుకుంటోంది.

"ఎవరూ రాలేదా?" అని అడిగింది.

"రాలే."

ప్రమీల చెప్పులు తొడుక్కుని రోడ్డు దాటింది. బస్టాండు గేటు దగ్గర పూలమ్మే ఏసమ్మను వెంటబెట్టుకొచ్చింది.

"దేనికే బిడ్డా?" అంటూ వచ్చింది ఏసమ్మ, పూలబుట్ట చంకలో పెట్టుకుని.

"అక్క శాంపిల్ తీస్తోంది. సాక్షి కావాలి. మూడు కొట్లు తిరిగొచ్చింది పాపం, ఎవరూ రాలా."

"నాకు సంతకం రాదు. ఏలుముద్ర ఏస్త. కేసు ఎవరి మీద?"

"నా మీదే," అంది ప్రమీల.

ఏసమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, బుట్ట కింద పెట్టి గోడకానుకుని నిలబడింది. ప్రశాంతి నాలుగు డబ్బాలు వేరు చేసి కాగితంలో చుట్టింది. దారం నిలువూ అడ్డమూ బిగించి ముడి వేయడానికి వేలు సాయం కావాల్సి వస్తే, ఎప్పుడూ గుమాస్తానో కొట్టువాడో పెట్టేవాడు. ఇప్పుడు ముడి మీద ప్రమీల వేలు పెట్టింది. లక్క కరిగించడానికి కొవ్వొత్తి వెలిగిస్తే ఫ్యాను గాలికి రెండుసార్లు ఆరిపోయింది.

"ఆపనా?" అంది ప్రమీల.

ఫ్యాను ఆపేసింది. ఆ ఉక్కలో ముగ్గురూ చెమటతో తడుస్తూ, నాలుగు డబ్బాల మీదా లక్క ముద్రలు ఆరేదాకా కూర్చున్నారు. ప్రమీల ఫారాలన్నింటి మీదా చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. మిగిలిన డబ్బాలు అల్మారాలో పెట్టి సీలు వేయించుకుంది.

"అన్నం వండా," అంది అంతా అయ్యాక, నేల చూపులు చూస్తూ. "తినకూడదు కదా ఇవాళ?"

"తినొద్దు."

"ఇంక ఎప్పుడూనా?"

ప్రశాంతి ఫారాలు మడిచి లోపల పెట్టుకుంది. సంచీ భుజాన వేసుకుని బస్టాండుకు వచ్చేసింది.

రెండు నెలల తర్వాత ల్యాబు రిపోర్టు వచ్చింది. పాలపొడిలో విషమేమీ లేదు గానీ లేబులు తప్పు, గడువు దాటిన సరుకు. కాబట్టి వ్యవహారం కోర్టుకు పోకుండా సూర్యాపేటలో అదనపు కలెక్టరు ముందుకు వచ్చింది. హైదరాబాదు డీలరు ఫోన్ నంబరు మార్చేశాడు. విచారణ రోజు ప్రశాంతి తెల్లారి లేచి, గదిలో నిలబడి ఒక వాక్యం బట్టీ పట్టింది. 'ఆ వివరాలు రాసిచ్చింది నేనే సార్.' అంత చిన్న వాక్యం చెప్పడానికి అన్నిసార్లు ఎందుకు అనుకోవాల్సి వచ్చిందో ఆమెకే తెలియాలి.

వరండాలో ప్రమీల ఒక బల్ల మీద, ప్రశాంతి ఎదురు బల్ల మీద కూర్చున్నారు. మధ్యలో పట్టా పాసుపుస్తకాల కోసం వచ్చిన జనం. పలకరింపుల్లేవు. లోపలికి పిలిచారు.

అదనపు కలెక్టరు పెద్దమనిషి. కాగితాలన్నీ చదివే కూర్చున్నాడు.

"చూడమ్మా, మోసం చేసేవాళ్లెవరూ సొంత ఫోన్ నంబరు వేసుకోరు. ఇవన్నీ ఉండాలని నీకెవరో చెప్పారు, సగమే చెప్పారు. అదెవరో చెప్తే జరిమానా తగ్గించడానికి నాకు వీలుంటుంది. ఎవరు?"

"ఎవరూ చెప్పలేదండి," అంది ప్రమీల. "నాకు నేనే వేసుకున్నా."

ఆయన ఫైల్లోంచి ఒక ఇన్‌లాండు కవరు తీశాడు. "నాకో ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. ఈ మేడం నీ ఇంట్లో భోజనాలు చేస్తారని, మీరిద్దరూ దోస్తులని. నిజమైతే ఇది వేరే విచారణ అవుతుంది, మేడం ఉద్యోగం సంగతి. నిజం చెప్పు. మేడం నీకు ముందు నుంచీ తెలుసా?"

"తెలియదండి. శాంపిల్ తీసిన రోజే మొదటిసారి చూడటం."

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇంటి దగ్గర ఆమె కూడా బట్టీ పట్టి వచ్చిందని ప్రశాంతికి అర్థమైంది.

"మీరేమంటారు మేడం?"

ప్రశాంతి లేచి నిలబడింది. వాక్యం నోటిదాకా వచ్చింది. ఉద్యోగం పోతే కుడకుడ రోడ్డు గదిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తుందో కళ్లకు కట్టింది. ప్రమీల ఒక్కసారి తల తిప్పి చూస్తే చెప్పేసేదాన్నని ఆ తర్వాత చాలాసార్లు అనుకుంది. ప్రమీల చూడలేదు. బల్ల మీది పేపర్‌వెయిట్ వంక చూస్తూ నిలబడింది.

"అంతే సార్," అంది ప్రశాంతి. "అంతకుముందు పరిచయం లేదు."

గుమాస్తా టైపు చేసి పైకి చదివాడు. అధికారికీ వ్యాపారికీ పూర్వ పరిచయం లేదు. వ్యాపారి ఎవరి సలహా లేకుండా స్వయంగా లేబుళ్లు అంటించినట్టు ఒప్పుకున్నారు. జరిమానా పూర్తిగా, కొట్టు మూడు నెలలు మూత. ప్రమీల సంతకం పెట్టి పెన్ను బల్ల మీద పెట్టింది. దాని కిందే ప్రశాంతి పెట్టాలి. ఇన్నేళ్లలో లేబులు మీద ఒక్క అక్షరం అబద్ధమున్నా వదలని మనిషి ఆ కాగితం మీద సంతకం పెట్టింది. రోజూ పెట్టే సంతకంలాగే గుండ్రంగా వచ్చింది. అందుకు తన మీద తనకు అసహ్యం వేసింది.

బయటికొచ్చేసరికి ప్రమీల మెట్లు దిగుతోంది. ప్రశాంతి దాదాపు పరుగెత్తింది. కలెక్టరేటు గేటు ముందు, ఆటోల మధ్య అందుకుంది.

"ప్రమీలా!"

ప్రమీల ఆగింది. చుట్టూ నలుగురూ చూస్తున్నారు, వాళ్లలో ఉత్తరం రాసినవాడు ఉన్నాడో లేడో. ప్రమీల రెండు చేతులూ జోడించి అందరికీ వినబడేలా అంది:

"చెప్పండి మేడం."

చెప్పాల్సింది గుండె నిండా ఉంది. క్షమించమనాలి, నా మూలంగా కొట్టు మూతపడిందనాలి, ఎందుకింత చేశావనాలి. ప్రమీల చేతులు దించకుండా నిలబడే ఉంది. ఆ చేతులు దించితే ఇద్దరికీ ముప్పని ఆమెకు తెలుసు.

"ఆర్డరు కాపీ జాగ్రత్త," అంది ప్రశాంతి.

"అలాగే మేడం."

కోదాడ బస్సు వచ్చింది. ప్రమీల ఎక్కి, గేటు వైపు సీట్లు ఖాళీగానే ఉన్నా, అవతలి వైపు కిటికీ దగ్గరికి పోయి కూర్చుంది.